నలభై ఒక్క ఇళ్ళు

"సరిహద్దులో మనవాడు దొరికిపోయాడు. కొత్త కొరియర్ వస్తోంది. నాలుగింటికి, స్టేషన్ కెఫేలో," అన్నాడు నోటరీ.

నోటరీ అనేది కోడ్ నేమ్. అసలు మనిషి బార్సిలోనాలో మందుల షాపు నడుపుతాడు. ఎదురుగా దగ్గుమందు కొనే ముసలాడి వేషంలో ఏజెంట్ ఉలగే నిలబడ్డాడు. ఈ మధ్య ఆ వేషానికి పెద్దగా నటించాల్సిన పని ఉండడం లేదు.

"మిషన్ ఏంటి?"

"సరిహద్దు అవతల మన వాచకాలు అచ్చయ్యాయి. ఏ ఇంటికి చేర్చాలో ఆవిడకి తెలియాలి." నోటరీ సిగరెట్ కాగితాల ప్యాకెట్ తోశాడు. "ఏడో కాగితం."

దాని మీద సెగ తగిలితేనే కనబడే సిరాతో నలభై ఒక్క చిరునామాలు. తలుపులేసుకుని పిల్లలకి తమ సొంత భాష కాటలాన్ చదవడం, రాయడం నేర్పే ఇళ్ళు. అది 1954, బళ్ళో స్పానిష్ పెట్టి ఆ భాషని నిషేధించి పదిహేనేళ్ళు. లిస్టు పోలీసులకి చిక్కితే నేర్పేవాళ్ళంతా జైలుకే. అందులో ఒక ఇల్లు ఉలగే కూతురు గ్రిసెల్దాది.

"నా వల్ల కాదింక. వేరేవాణ్ణి చూసుకో."

"పోయినేడూ ఇదే పాట పాడావు. నడవ్వయ్యా, టైమైంది!"

కెఫేలో కొత్త కొరియర్ ఎలిసెండా బూడిదరంగు టోపీలో వెలిగిపోతోంది.

"మీ ఊళ్ళో గాలెలా ఉందమ్మా?"

"టోపీలు దాచుకోవాల్సిందేనండీ."

కోడ్ సరిపోయింది. ఆవిడ కాటలాన్ వింటుంటే ఉలగేకి ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మ తర్వాత అంత చక్కగా మాట్లాడిన మనిషిని అతను చూడలేదు.

"సార్, ఏం తెమ్మంటారు?" వెయిటర్ స్పానిష్‌లో అడిగాడు.

ఉలగే మాట మధ్యలో ఉన్నాడు. మిగతా సగం తనకి తెలియకుండానే స్పానిష్‌లో వచ్చింది. కొత్త మొహం కనబడితే ఇక్కడ పసిపిల్లలు కూడా భాష మార్చేస్తారు. ఎలిసెండా మాత్రం మార్చలేదు. టీ కూడా కాటలాన్‌లోనే చెప్పింది. గొంతు తగ్గలేదు, చూపు తలుపు వైపు పోలేదు.

ఉలగేకి విషయం అర్థమైంది. మహాతల్లి భాషంతా నేర్చుకుంది కానీ, దాంతోపాటు భయం కూడా నేర్చుకోవాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పోలీసులు సొంతవాళ్ళయినప్పుడు భయమెందుకుంటుంది?

"ప్యాకెట్ ఇటివ్వండి." ఆవిడ చెయ్యి ప్యాకెట్ మీద పడింది.

"ఒక్క దమ్ము లాగనీ తల్లీ, ముసలి ప్రాణం." ఏడో కాగితం లాగి, పొగాకు చుట్టాడు. "నిప్పుందా?"

ఎలిసెండా విసుక్కుంటూ బంగారు లైటర్ వెలిగించింది. ఉలగే దగ్గుతూ చివరిదాకా పీల్చి, ప్యాకెట్ అందించాడు.

ఆవిడ ఒక్కో కాగితం లైటర్ సెగకి పట్టింది. అన్నీ ఖాళీ.

"లిస్టేదీ?" ఈసారి స్పానిష్‌లో అరిచింది.

"ఇందాక మీరే కదండీ వెలిగించారు."

తలుపు దగ్గర ఇద్దరు లేచారు. ఉలగేని లాకప్‌లో మూడు రోజులు చావబాదారు. సాక్ష్యం లేక వదిలేశారు.

టాక్సీ ఎక్కి ఉలగే స్పానిష్‌లో వీధి పేరు చెప్పాడు. దారంతా డ్రైవర్‌తో వానల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ స్పానిష్‌లోనే కబుర్లు. ఇంటి ముందు ఇంజన్ ఆగిపోయింది. డ్రైవర్ దాన్ని తనలో తాను బూతులు తిట్టుకున్నాడు, అచ్చమైన కాటలాన్‌లో.

ఉలగేకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దిగి, "వస్తానన్నా," అన్నాడు.

స్పానిష్‌లోనే.