ప్రొఫెసర్ గారి నాలుగు రోజుల సెలవు

మట్సుమోటో స్టేషన్ ఎదుటి ట్రావెల్ ఆఫీసులో గుమాస్తా హిరోసే టేబుల్ మీద తల వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని టీ తెచ్చిన అమ్మాయి భుజం తట్టింది. చెవి వెనక చిన్న బెజ్జం కనిపించింది. సైలెన్సర్ బిగించిన పిస్తోలు పనితనం.

పోయింది ఒక్కటే కాగితం. ప్రొఫెసర్ కుసకబే, ఆయన కూతురు చినత్సు షిరాతాకే రిసార్టులో గడపబోయే నాలుగు రోజుల స్కీ సెలవు ప్లాను. ఏ హోటలు, ఏ లిఫ్టు, ఎన్ని గంటలకి ఏ వాలు మీద ఉంటారో అంతా అందులో ఉంది.

ఆ సాయంత్రమే టోక్యోలో ఏజెంట్ మినెగిషికి పిలుపు వచ్చింది. అతను పనిచేసే రహస్య విభాగం పేరు 'ఆరో గది'. దాని అధిపతి ఇబుకి.

"కుసకబే ఎవరో తెలుసుగా?"

"జలాంతర్గామి చప్పుడు చెయ్యకుండా తిరిగే ఇంజన్ కనిపెట్టినాయన."

"ఆ లెక్కలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. కోబాల్ట్ ముఠాకి ఆ బుర్ర కావాలి, ప్రాణాలతో. సరిహద్దు దాటించారంటే మన పని అయిపోయినట్టే."

"సెలవు రద్దు చేయించండి సార్."

"చెప్పి చూశాను. భార్య పోయాక కూతురు ఆయనతో మాట్లాడ్డమే మానేసిందట. రెండేళ్ల తర్వాత 'నాన్నా, స్కీకి వెళ్దామా' అని ఆ పిల్లే అడిగింది. చస్తే చస్తాను గానీ మానుకోనంటున్నాడు."

మినెగిషి రిసార్టు మ్యాపు ముందుకు లాక్కున్నాడు. మూడు శిఖరాలు, ఇరవై రెండు లిఫ్టులు.

"అయితే ప్లాను మొత్తం మార్చేద్దాం. వేరే హోటలు. మొదటి రోజు తూర్పు శిఖరం వద్దు, పడమటి శిఖరం. పది ఇరవైకి కేబుల్ మీద నడిచే గొండోలా ఎక్కుతారు. ఇది ఎవరెవరికి తెలియాలి?"

"నీకు, నాకు, మియాబికి. అంతే."

సెరా మియాబి ఆరో గది ఏజెంటే. స్కీ పోటీల్లో పతకాలు గెలిచిన మనిషి. ఆమె నడిచి వెళ్తే హోటల్ లాబీలో సగం మంది పేపరు చదవడం ఆపేస్తారు. స్కీ టీచర్ వేషంలో ప్రొఫెసర్‌ని అంటిపెట్టుకుని ఉండటం ఆమె డ్యూటీ.

రెండు రోజుల తర్వాత, సెలవు మొదలైన రోజు పొద్దున పదింటికి మినెగిషి మంచు ఎత్తే కూలీ వేషంలో, పార భుజాన వేసుకుని పడమటి శిఖరం మీద ఉన్నాడు. గొండోలా పై స్టేషన్ వెనక ఎర్ర జాకెట్ వేసుకున్న గస్తీ మనిషి ఒకడు, దెబ్బ తగిలిన వాళ్లని మోసుకెళ్లే స్లెడ్జి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏమన్నా, ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఇంకా లేదు" అన్నాడు వాడు.

అన్నాక తెలిసింది వాడికి, ఏమన్నాడో. మరుక్షణం చేతిలోకి కత్తి వచ్చింది. మినెగిషి ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా చీలింది. రెండో వేటు గాగుల్స్ అద్దాన్ని పగలగొట్టింది. మూడోది పడేలోపు పార అంచు వాడి గొంతు మీద దిగింది. వాడు మోకాళ్ల మీద కూలాడు. మంచు ఎర్రబడింది. రెండు కాళ్లూ కాసేపు తన్నుకుని ఆగిపోయాయి.

వాడి జేబులో రేడియో గరగరలాడింది.

"ఎక్కబోతున్నాం. ముప్పై ఒకటో క్యాబిన్. పన్నెండు నిమిషాలు. దిగేసరికి ముసలాయన మత్తులో ఉంటాడు. హెలికాప్టర్ రెడీయేనా? పిల్ల మనకి అక్కర్లేదు."

మియాబి గొంతు.

హిరోసే ఎవరిని నమ్మి వెన్ను చూపించాడో మినెగిషికి అప్పుడర్థమైంది. గొండోలా ఆపిస్తే మియాబి ఆ పిల్లని గాలిలోనే కాల్చేస్తుంది. అందుకని చచ్చినవాడి జాకెట్ తొడుక్కుని స్లెడ్జిని ప్లాట్‌ఫారం మీదికి లాక్కెళ్లాడు. అక్కడ రెండోవాడు కేబుల్ వైపు చూస్తున్నాడు.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపు?"

మినెగిషి గ్లౌజు వాడి మెడకి ఆనించాడు. గ్లౌజులో దాచిన కరెంటు తీగ చిటపటమంది. వాడు స్లెడ్జి మీదే పడ్డాడు. మినెగిషి దుప్పటి కప్పేశాడు.

ముప్పై ఒకటో క్యాబిన్ వచ్చి తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ తల కూతురి ఒళ్లో వేలాడుతోంది. చినత్సు పెదవి చీలి గడ్డం మీద రక్తం కారుతోంది. ఆమె డొక్కలో మియాబి పిస్తోలు.

"త్వరగా దించు" అంటూ మియాబి ఆగిపోయింది. పగిలిన అద్దంలోంచి ఆ కన్ను ఎవరిదో గుర్తుపట్టింది.

"ప్లాను బాగానే వేశావు మినెగిషీ. అందులో ఒక్క పేరే తప్పు పడింది."

క్యాబిన్ ఆగదు. నెమ్మదిగా ప్లాట్‌ఫారం చివరికి జరుగుతోంది. అక్కడ తలుపు మూసుకుంటుంది. మినెగిషి ప్రొఫెసర్ కాలర్ పట్టి బయటికి లాగాడు. మియాబి పిస్తోలు ఎత్తేలోపు చినత్సు ఇనుములాంటి స్కీ బూటుతో ఆమె మోకాలి మీద తన్నింది. తూటా కప్పులోకి పోయింది. చినత్సు దూకింది. రెండో తూటా మినెగిషి చెవి తమ్మెని ఎగరగొట్టింది.

తలుపు మూసుకుంటున్న సందులోంచి పిస్తోలు పట్టిన చెయ్యి బయటికొచ్చింది. ఈసారి గురి ప్రొఫెసర్ మీద. మినెగిషి ఆ చేతిని రెండు చేతులతో పట్టి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. పిస్తోలు జారింది, చెయ్యి లోపలికి పోయింది, తలుపు పడింది.

కింద స్టేషన్‌లో ఇబుకి మనుషులు ఉంటారని మియాబికి తెలుసు. మొదటి స్తంభం దాటాక మంచి చేత్తో తలుపు విడదీసి దూకింది. మెత్తటి మంచులో పడతాననుకుంది. ఆ పొద్దున్నే యంత్రం నడిపి ఆ వాలుని బండలా గట్టి చేశారు. పడ్డ మనిషి మళ్లీ కదల్లేదు. శిఖరం అవతల హెలికాప్టర్ ఖాళీగా లేచి వెళ్లిపోయింది.

గంట తర్వాత ప్రథమ చికిత్స గదిలో ప్రొఫెసర్ కళ్లు తెరిచాడు.

"చినత్సూ."

"ఇక్కడే ఉన్నా నాన్నా."

"ఇంటికి వెళ్దామా?"

ఆ పిల్ల కుట్లు పడ్డ పెదవితో నవ్వబోయి, నొప్పికి ఆగింది. "ఇంకా మూడు రోజులున్నాయి కదా. నువ్వేగా ప్రామిస్ చేసింది."

చెవికీ ముంజేతికీ కట్లతో వరండాలో నిలబడ్డ మినెగిషికి ఇబుకి ఫోన్ చేశాడు.

"ఆ మూడు రోజులూ వాళ్ల వెనకే ఉండాలి. వాలు మీద కూడా."



"సార్, నాకు స్కీయింగ్ రాదు."

"తెలుసు. నీ ఫైల్లో ఉంది. రేపు తొమ్మిదింటికి ఐదేళ్ల పిల్లల క్లాసులో నీ పేరు రాయించాను. లేటుగా వెళ్లకు, టీచరమ్మ చాలా స్ట్రిక్టట."