ఇద్దరు ఫెలోలు, ఒక రాజీనామా

"ఆ ఇద్దరిలో ఒకరు మనవాళ్ళు కాదు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, తలుపు గడియ వేసి మరీ.

ఎదురుగా ఉన్న ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్‌లో జిగురు అంటారు. అంటుకుంటే వదలడు. వారం రోజులుగా అతను పెట్టుడు గడ్డంతో, పార్లమెంటు రక్షణ కమిటీ ఛైర్మన్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తున్నాడు. అదే ఆఫీసుకు, సభ పని దగ్గరుండి నేర్చుకునే ఫెలోషిప్ మీద ఒక ప్రొఫెసరూ, ఒక జర్నలిస్టూ వచ్చారు.

"విదేశాల్లో ఉన్న మన ఏజెంట్ల జాబితా ఛైర్మన్ బీరువాలో ఉంది. నిన్న ఎవరో ఫోటో తీశారు. ఇవాళ మూడింటికి ఫిల్మ్ చేతులు మారుతుంది."

"ఎంతమంది పేర్లు?"

"పదకొండు. నాలుగోది మీ అక్కది."

అక్క ఏదో కంపెనీ పనిమీద విదేశంలో ఉందనే జిగురు ఇన్నాళ్ళూ నమ్మాడు. అతన్ని పెంచిందే ఆమె.

"ఇద్దర్నీ ఇప్పుడే సోదా చేస్తే?"

"అందుకునేవాడు జారుకుంటాడు. నాకు ఇచ్చేవాళ్ళూ, పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ కావాలి."

జిగురు అనుమానమంతా ప్రొఫెసర్ మీదే. ఆయన చెత్తబుట్టలో కాగితాలు కూడా తీసి చదువుతాడు. ఫోటోకాపీ మెషిన్‌ను క్షణం ఖాళీగా ఉంచడు. ఎర్ర స్కార్ఫ్ వేసుకునే ఆ జర్నలిస్టు అమ్మాయి గదిలోకి వస్తే మాత్రం ఛైర్మనే లేచి కుర్చీ వేస్తాడు. ఛైర్మన్ అసలే మెతక మనిషి. ముందు పెట్టిన కాగితం చదవకుండానే సంతకం చేసేస్తాడు.

మధ్యాహ్నం జిగురు ఎరగా ఒక దొంగ లేఖ టైప్ చేశాడు. 'వ్యక్తిగత కారణాల వల్ల నా సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను.' కింద ఛైర్మన్ పేరు. దాన్ని బల్ల మీద, ఫైలు కింద నుంచి సగం కనబడేలా వదిలి తన సీట్లో కూర్చున్నాడు.

ముందు జర్నలిస్టు వచ్చింది. లేఖ చివరి వరకూ చదివింది. తర్వాత పౌడర్ డబ్బా తెరిచి, అందులోని అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుని, తాపీగా వెళ్ళిపోయింది.

ఫోన్ ముట్టుకోలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. నిజమైన విలేకరి అయితే ఈపాటికి ఎడిటర్ చెవి తూట్లు పొడిచేది!

ఆమె వెనకే ప్రొఫెసర్ వచ్చాడు. లేఖ చదివి, పెదవి విరిచి, ఎర్ర పెన్ను మూత తీశాడు. జిగురు అది చూస్తూ కూర్చోలేదు. చీఫ్‌కు ఫోన్ చేసి, ముందే అనుకున్న సంకేతం చెప్పాడు.

"సార్, ఇంకు అయిపోయింది."

"ఏ రంగు?"

"ఎరుపు." ఎర్ర స్కార్ఫ్ అని చీఫ్‌కు అర్థమైంది.

రెండు యాభై. సందర్శకుల గ్యాలరీ బయట వస్తువులు దాచే కౌంటర్లో జర్నలిస్టు తన పౌడర్ డబ్బా అప్పగించి టోకెన్ తీసుకుంది. లోపల, బూడిదరంగు కోటు వేసుకున్న ఒక గడ్డం పెద్దమనిషి పక్కన కూర్చుంది. కరచాలనం చేసింది. ఆయన వెంటనే లేచి బయటికి నడిచాడు.

టోకెన్! వెనక వరసలోంచి చూస్తున్న జిగురు మెట్లు రెండేసి చొప్పున దూకాడు. అప్పటికే గుమాస్తా డబ్బాను కోటాయన చేతిలో పెట్టబోతున్నాడు.

"ఆగండి! అది మా అక్కది!"

గుమాస్తా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇద్దరు నాదంటే ఎవరికీ ఇవ్వను. రూల్. చెరొక కాగితం మీద ఆనవాళ్ళు రాసివ్వండి."

"టోకెన్ నా దగ్గరుంది!" అరిచాడు కోటాయన.

"ఉండొచ్చు సార్. పౌడర్ డబ్బా కోసం ఇద్దరు గడ్డాలవాళ్ళు కొట్టుకోవడం నా సర్వీసులో చూళ్ళేదు."

కోటాయన జేబులో చెయ్యి పెట్టేలోగా చీఫ్ మనుషులు రెండు రెక్కలూ పట్టుకున్నారు. గ్యాలరీలో ఎర్ర స్కార్ఫ్ కూడా దొరికింది. డబ్బా అడుగున ఫిల్మ్ చెక్కుచెదరకుండా ఉంది. జిగురు అక్కడే గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అక్క బతికింది.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి ప్రొఫెసర్ ఎదురొచ్చాడు.

"ఏమయ్యా టైపిస్టూ, ఆ లేఖలో ఆరు తప్పులున్నాయి! నేనే దిద్ది, మళ్ళీ టైప్ చేశాను. ఛైర్మన్ గారు సంతకం పెట్టారు. స్పీకర్ గారికి స్వయంగా ఇచ్చొచ్చాను."