ఆదరణ కూడిక లేని శుక్రవారం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటినాక అక్షరాలు దిద్దుకున్నాను. కూడబలుక్కుంటూ రాస్తున్నాను, మీరూ మెల్లగానే చదవండి.

ఆళ్లగడ్డలో జెస్సీ కాచిన గంజి ఆ రోజు కూడా చల్లారిపోయింది. కూతురు వందన ముట్టలేదు. నంద్యాల ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఒక్క పూట బతికి పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి పుట్టింట్లో గోడవైపు తిరిగి పడుకున్నదే. ప్రతి ఆదివారం నంద్యాల నుంచి బస్సులో వచ్చే భర్త వినయ్‌తో, "నన్ను మరిచిపో... ఇంకొకరిని చేసుకో" అన్నది. ఆ మాటకు జెస్సీ గుండె చెరువైంది. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. చావు జరిగిన ఇంట్లో ఒక్కసారి పెట్టే ఆదరణ కూడికను ప్రతి శుక్రవారం పెట్టించింది. చర్చి సంఘంలోని ఆడవాళ్లు వచ్చి ప్రార్థించేవారు, వందనను పట్టుకుని ఏడ్చేవారు. వాళ్లు వెళ్లాక పిల్ల ఇంకాస్త ముడుచుకుపోయేది...

ఆ శుక్రవారం మధ్యాహ్నం వందన అత్త, వినయ్ తల్లి రూతమ్మ బస్సు దిగింది. తెగతెంపులు చేసుకోవడానికే వచ్చిందేమోనని జెస్సీ భయపడింది. రూతమ్మ మాత్రం సుద్దముక్కతో మంచం పక్కన నేలమీద పులి మేక ఆట గీతలు గీసింది. మూడు గాజు ముక్కలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు.

"ఏందొదినా ఇది? బిడ్డ పోయిన ఇంట్లో ఆటలా?" అన్నది జెస్సీ.

"మా ఇంటాయన పోయినప్పుడు ఆర్నెల్లు ఏడ్చినా. మా చెల్లెలు కూచోబెట్టి ఆడించినాకే నాకు అన్నం దిగింది. వందనా, మేకలు నీయి. పెట్టు."

అత్త పోరు పడలేక వందన పడుకునే ఒక గింజ పెట్టింది. తర్వాత ఇంకొకటి... కాసేపటికి రూతమ్మ పులి రెండు మేకల మీదుగా ఒకేసారి దూకింది.

"తొండి." వందన లేచి కూర్చుంది. "ఒక్క దూకుడుకు ఒక్క మేకనే అత్తా."

"నా పులికి ఆకలైతాంది."

"ఐతే గడ్డి తినమను. ముందు నా మేకను ఆడ పెట్టు."

జెస్సీ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో ఆటలో వందన చేయి ఆగింది.

"బిడ్డ చెవులు నీయే అత్తా... అంత పెద్దవి."

"చెప్పమ్మా. ఇంకా ఏం చూసినావ్?"

గింజలు జరుపుతూనే వందన చెప్పింది. చిన్న వేళ్లు, నుదుటి మీద మచ్చ... కూడికల్లో ఎవరూ ఆమెను అడగని సంగతులవి. కన్నీళ్లు కారుతున్నా ఆట ఆపలేదు.

సాయంత్రం ఆడవాళ్లు బైబిళ్లతో వచ్చారు. జెస్సీ గుమ్మంలో నిలబడింది.

"ఈ వారం కూడిక లేదక్కా."

"ఏం, పిల్లకు బాగలేదా?"

"ఆడుకుంటాంది. వారం వారం ఏడిపించి నేనే దాన్ని లేవనీకుండా చేసినా... మీరూ రాండి, ఒక చేయి వేద్దురు."

ఆదివారం వినయ్ వచ్చాడు. ఎప్పటిలా గడప దగ్గరే ఆగిపోయాడు. వందన ముఖం తిప్పుకోలేదు. చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది.

"ఈడ కూచో. మీ అమ్మ నిన్నట్నుంచీ గెలవలా."

సువార్తమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఆ కూడికలకు పోయిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు మిడుతూరులో కూతురి దగ్గర ఉంటున్నాను.