ఆదివారం భయం

బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగిన మరుసటి ఏడు, కంకిపాడులో కృపానందం ఇంట్లో ఆ శనివారం మామూలుగానే తెల్లవారింది. కోడలు స్టెల్లా పెసరట్లు పోస్తోంది. మనవరాలు క్రిస్టినా తాతకు టీ తెచ్చింది. గ్లాసు అందుకోబోతూ ఆయన చూశాడు. పిల్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి. టీ తొణికి నేల మీద పడింది.

"జ్వరమా?" అన్నాడు. రోజు మొత్తం మీద ఆయన మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

"లేదు తాతయ్యా."

వంటింట్లోంచి స్టెల్లా గొంతు వచ్చింది. "రేపు సాయంత్రంతో గడువైపోతుందే! ఎం.బి.ఏ. ఎంట్రన్సుకి ఫీజు కట్టావా లేదా?"

"మళ్లీ రాయాలో వద్దో ఇంకా అనుకోలేదమ్మా."

"అనుకోడానికేముంది? చర్చి అంతా నీకోసం ప్రార్థన చేస్తుంటే, నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

కృపానందానికి పోయినేడు గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ప్రార్థన మనవులప్పుడు స్టెల్లా లేచి కూతురి పేరు చెప్పేది. పాస్టరుగారు ఆ పేరు మైకులో ఎత్తి ప్రార్థించేవారు. అంతటితో ఆగినా బాగుండేది. నమ్మినవాళ్లు ముందుగానే స్తుతించాలంటూ, ఫలితాలు రాకముందే స్టెల్లా సాక్ష్యం చెప్పేసింది, దేవుడు సీటు ఇచ్చేశాడని. ఆరాధన అయ్యాక కేకు కూడా పంచింది. కొన్నాళ్లకు ఫలితాలొచ్చాయి. సీటు మాట అటుంచి, ఇంటర్వ్యూకి పిలుపు కూడా రాలేదు. ఆ సంగతి స్టెల్లా చర్చిలో ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ క్రిస్టినా వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే ఇంటికొచ్చేస్తోంది.

"నాకు పరీక్షంటే భయం లేదమ్మా. ఆదివారమంటే భయం," అంది క్రిస్టినా. "చర్చిలో బుల్లెమ్మ ఆంటీ ఇప్పటికీ 'ఏ ఊళ్లో సీటొచ్చిందే?' అనడుగుతోంది. రాస్తే మళ్లీ నా పేరు మైకులో. మళ్లీ పోతే? అప్పుడు తప్పు దేవుడిదా, నాదా?"

"నోర్ముయ్! ప్రార్థన చేయించడం నేరమైపోయిందా? కన్నదాన్ని కాబట్టి చేయించాను."

"నాకోసమా, నీ సాక్ష్యం కోసమా?"

స్టెల్లా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద అట్టు మాడింది. క్రిస్టినా స్కూటీ తాళం తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఫోను చేస్తే ఇంట్లోనే మోగింది. పొద్దు వాలుతుంటే స్టెల్లా గుమ్మంలో నిలబడి, "మావయ్యా, నాకు భయమేస్తోంది," అంది.

కృపానందం తువ్వాలు భుజాన వేసుకుని కాలువ గట్టు వెంట బయల్దేరాడు. లాకుల దగ్గర స్కూటీ కనిపించింది. రేవు పైమెట్టు మీద చెప్పులున్నాయి. పిల్ల లేదు. కాలువ నిండుగా ఎర్రనీళ్లు పోతున్నాయి. ఆయన గబగబా రేవులోకి దిగబోయాడు.

"తాతయ్యా!"

కిందిమెట్టు మీద, గోడ చాటున, నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చునుంది. ఆయన వెళ్లి పక్కనే కూలబడ్డాడు.

"రాయమంటావా, వద్దంటావా?" అంది.

"నాకేం తెలుసమ్మా, మూడో తరగతోణ్ణి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చెప్పులు చూశాను."

ఆ ముక్కకి పిల్ల భోరుమంది. "అందుక్కాదు తాతయ్యా! ఊరికే కూర్చున్నాను. ఒట్టు."

"ఎవరూ చూడకపోతే రాస్తావా?"

ఆలోచించింది. "రాస్తాను. పోయినా నాదే కదా."

ఇంటికి రాగానే స్టెల్లా కూతుర్ని వాటేసుకుంది. "నీ పేరెత్తనే తల్లీ. రాస్తే రాయి, మానితే మాను. నువ్వుంటే చాలు." కాసేపటికి కళ్లు తుడుచుకుని మామగారి వైపు చూసింది. "పాస్టరుగారు ఆయనంతట ఆయనే ఎత్తితే ఏం చెప్పను మావయ్యా?"

ఆయన తువ్వాలు దండెం మీద వేసి లోపలికెళ్లాడు.

మర్నాడు ఉదయం పాస్టరుగారు మైకు దగ్గర, "మన క్రిస్టినా పరీక్ష కోసం..." అనబోతుండగా, ఆ చర్చిలో ఇన్నేళ్లుగా ఆమేన్ తప్ప మరో మాటనని కృపానందం లేచి నిలబడ్డాడు. ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు.

"అయ్యగారూ, మా పిల్ల పేరెత్తకండి. దానికి సీటు రాలేదు. కేకు తిన్నోళ్లంతా మమ్మల్ని మన్నించండి. ఇక మా ఇంట్లో మేం చూసుకుంటాం."

స్టెల్లా తల వంచుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక బెంచీలోంచి క్రిస్టినా లేచి, నేరుగా మగవాళ్ల వైపు వచ్చి తాత పక్కన నిలబడింది.

"ఇంటికెళ్లగానే ఫీజు కడతాను తాతయ్యా," అంది చెవిలో.

"ఊఁ," అని ఆయన కూర్చుని, పక్కన ఆమెకు చోటిచ్చాడు.