పట్ట మీద వాన నీళ్లు

శనివారం ఒంటిపూట బడి. వెన్నెల ఇంటికొచ్చి పుస్తకాల సంచీ దించిందో లేదో, స్విమ్మింగ్ పూల్ పని గుర్తొచ్చింది.

పూల్ వాళ్లది కాదు లెండి. చిలమత్తూరు దగ్గర బెంగళూరు సారు కట్టుకున్న ఇంటిది. వెన్నెల నాయన నరసింహ ఆ ఇంటికి కాపలా. చలికాలంలో సారువాళ్లు రారు. నిండా నీళ్లుంటాయి, ఈదేవాళ్లే ఉండరు. అందుకని పూల్ మీద టార్పాలిన్ పట్ట కప్పి, చుట్టూ తాళ్లతో కట్టేస్తారు.

ముందురోజు ఒక వాన కురిసింది. నేల ఎప్పుడో తాగేసింది గానీ, పట్ట మీద నీళ్లు అట్లాగే నిలిచాయి. పూల్ మోటారు బాగు చేయించడానికి హిందూపురం పోతూ, ఆ నీళ్లు తోడి పారబోయమని నాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బరువెక్కితే పట్ట జారుతుందట.

వెన్నెల మర్చిపోలేదు. మనసొప్పలేదు, అంతే. ఊళ్లో కొళాయి రెండు రోజులకోసారి వస్తుంది. బిందె తొణికితేనే అవ్వ తిడుతుంది. ఇన్ని మంచి నీళ్లు మట్టిపాలు చేయడమా?

వెన్నెల పూల్ దగ్గరికి వెళ్లేసరికి, యల్లక్క ఆ ఇంటి గేటు ముందు గొర్రెలు తోలుకుపోతోంది. వెన్నెల గేటు తీసి, గొర్రెలకు ఆ నీళ్లు తాపమని పిలిచింది. యల్లక్క పట్టను చూసి జంకింది.

“కింద లోతుంటాది గదా పాపా?”

“గట్టిగా కట్టినారు యల్లక్కా. ఏం కాదులే.”

ఎంత గట్టిగా కట్టారో వెన్నెల చూసిందా? లేదు. నోటికొచ్చింది, అనేసింది.

పెద్ద గొర్రెలు గట్టు మీద నుంచే మెడలు చాచి తాగాయి. మెడ అందని ఒక పిల్ల పట్ట మీదికి దిగింది. రెండు తాళ్లు ఊడాయి. పిల్ల పట్ట కిందికి జారిపోయింది. ఇద్దరూ పట్ట లాగి బయటికి తీసేసరికి దానికి ఊపిరి లేదు.

“ఏం కాదంటివి గదమ్మా,” అంది యల్లక్క.

అంతే. తిట్టినా బాగుండేది. తడిసిన పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తల్లి గొర్రె గేటు దాటనని మొండికేసింది.

సాయంత్రం నాయన రాగానే, అడక్కముందే వెన్నెల అంతా చెప్పేసింది. నాయన కొట్టలేదు. యల్లక్క ఇంటికెళ్లి వచ్చి, అన్నం వద్దన్నాడు.

ఆ వారమంతా జల్లులు పడ్డాయి. వెన్నెల రోజూ బడికి ముందే ఒక్కో తాడూ లాగి చూసింది. పట్ట మీద నీళ్లు తోడి, గేటు బయట ప్లాస్టిక్ టబ్బులో పోసింది. యల్లక్క మాత్రం వేరే దారిన పోతోంది.

ఆదివారం యల్లక్క గొర్రెలతో మళ్లీ ఆ దారినే వచ్చింది. దూరంగా ఆగి టబ్బు వైపు చూసింది.

‘ఏం కాదు’ అనే మాట వెన్నెల నోటిదాకా వచ్చింది. మింగేసింది. చొక్కా చేయి పైకి లాగి, టబ్బు అడుగు తగిలేదాకా చేయి ముంచింది. నీళ్లు మోచేతిదాకా కూడా రాలేదు.

యల్లక్క గొర్రెలకు అడ్డంగా పట్టుకున్న కర్ర దించింది. గొర్రెలన్నీ మూగాయి. తల్లి గొర్రె ఒక్కటే తాగలేదు. గేటు ఊచల్లో మూతి దూర్చి లోపలికి చూస్తూ అరుస్తోంది.

వెన్నెల దోసిట్లో నీళ్లు పట్టుకెళ్లింది. అది మూతి తిప్పుకుంది.

మరునాడు మళ్లీ పట్టుకెళ్లింది.