ఐదు నక్షత్రాలకు ఒక బన్ను

తెల్లవారుజామునే హిందూపురం బేకరీలో సరుకు ఎక్కించుకుని వచ్చి, పెనుకొండలో ఇంటి ముందు లగేజీ ఆటో ఆపి, "షరీఫా, టీ!" అని మొహిద్దీన్ సాబ్ కేకేశాడంటే ఆ వీధిలో ఎవరూ గడియారం చూసుకోనక్కర్లేదు. ఆటో నిండా బన్నులు, రస్కులు, కొబ్బరి బిస్కెట్లు. ముందు ఆ వాసన ఇంట్లోకి వస్తుంది, దాని వెనకాల ఆయన వస్తాడు. టీ తాగి, పెనుకొండ అంగళ్లకు సరుకు దించి, ధర్మవరం దాకా పోయి సాయంత్రానికి తిరిగి రావడం ఆయన పని. 'లైను' అని ఆయన పిలుచుకునే ఆ దారిలో ఆయనకు తెలియని టీ అంగడి లేదు. ఆయన కబుర్లకు చిక్కకుండా తప్పించుకున్న అంగడివాడూ లేడు. ఇక కూతురి మాట వచ్చిందంటే సరేసరి, బన్నులు చల్లారి గట్టిపడినా ఆ కబురు మాత్రం తెగదు.

ఆ కూతురే ఆయేషా. బెంగళూరులో ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ఫోన్లో ఇంటర్నెట్ చూసుకునే బ్రౌజర్ ఒకటి ఆ కంపెనీవాళ్లు తయారుచేశారు. తెర మీద ఏ గుర్తు ఎక్కడుండాలి, ఏ రంగు ఎక్కడ పడాలి, అక్షరం ఎంత లావుండాలి, ఇదీ ఆయేషా పని. ఇన్నాళ్లూ వేరేవాళ్లు గీసినవాటికి రంగులు దిద్దింది. ఈసారి మొత్తం రూపం తనదే.

ఆ పొద్దున టీ గ్లాసుతో పాటు ఆయేషా తన ఫోను కూడా తండ్రి ముందు పెట్టింది. "నాయనా, నా బ్రౌజర్ ట్రయలుకు పెట్టినారు. నీ ఫోనుకూ లింకు పంపినా, నొక్కితే వస్తాది. నాలుగు రోజులు వాడినాక, ఎట్లా ఉండాదో ఆ లింకులోనే నక్షత్రాలు నొక్కి రెండు మాటలు రాయొచ్చు. జనం బాగుండాదంటే నా పేరు మీద అందరికీ విడుదల చేస్తారు. లేదంటే మళ్లా నాకు రంగులు దిద్దే పనే. నీకు తెలిసినోళ్లు నలుగురికి పంపు."

"నలుగురేంది తల్లీ! లైనంతా మనదే గదా!" అన్నాడు మొహిద్దీన్ సాబ్, మీసం దువ్వుకుంటూ.

వంటింట్లోంచి ఆయన భార్య షరీఫాబీ తొంగి చూసింది. "అయ్యో, ఈ మనిషికి చెప్పినావా? ఇంగ అయినట్టే!"

ఆమె నోటి వాక్కు ఊరికే పోలేదు. మొహిద్దీన్ సాబ్ టీ తాగడం కూడా పూర్తిచేయకుండా ముందు తన ఫోన్లో ఐదు నక్షత్రాలు నొక్కి, ఆ తర్వాతే ఆటో ఎక్కాడు. ధర్మవరం స్టేషను రోడ్డులో ఈశ్వరప్ప టీ అంగడి ముందు దిగీ దిగగానే, "ఏమప్పా ఈశ్వరప్పా, ఫోను ఇట్లా ఇయ్యి!" అన్నాడు.

"ఏంటికి సాబ్?"

"మా ఆయేషా బ్రౌజర్ చేసింది. ఐదు నక్షత్రాలు నొక్కు."

"చూసి నొక్కుతాలే."

"చూసేదేముండాదప్పా? పాప చేసిందంటాంటే! నొక్కు, ఇదో బన్ను తిను. ఈ బన్ను నా లెక్కలో."

"ఏం రాయల్ల మరి?"

"సూపరుండాది, మా ఆయేషా చేసింది అని రాయి."

ఈశ్వరప్ప రాశాడు, బన్ను తిన్నాడు. ఈశ్వరప్ప పక్కవాడూ రాశాడు, బన్ను తిన్నాడు. ఆ వారమంతా లైను పొడుగునా అదే తంతు. హిందూపురంలో బేకరీ మాస్టరు చిన్నస్వామి దగ్గర మొదలుపెట్టి, పెనుకొండలో జాకెట్లు కుట్టే రేష్మ దాకా, ధర్మవరంలో చీరల అంగడి గుమాస్తాల దాకా ఎవరినీ వదలలేదు. ఫోను తీయడానికి బద్ధకించినవాళ్ల చేతిలోంచి తనే లాక్కుని నొక్కేశాడు. ఎన్ని బన్నులు పోయాయో ఆయనకే తెలియదు. కూతురి కోసం పోయిన బన్నులు కదా, ఆ సంతోషంతోనే ఆయన కడుపు నిండిపోయింది.

వారం తర్వాత ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి ఆయేషా లాప్‌టాప్ మూసిపెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. షరీఫాబీ పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నాయనా, ఎంతమందికి చెప్పినావు?"

మొహిద్దీన్ సాబ్ ముఖం వెలిగిపోయింది. "ఎంతమందని చెప్పేది తల్లీ! హిందూపురం నుంచి ధర్మవరం దాకా అందురూ ఐదుకు ఐదే. ఒక్కడన్నా తగ్గించింటే చెప్పు, వాని అంగడికి రేపట్నుంచి సరుకు బంద్!"

"అందురూ ఒకటే మాట రాసినారు నాయనా. 'సూపరుండాది, మా ఆయేషా చేసింది.' ఒకాయనైతే 'బన్ను మెత్తగుండాది' అని రాసినాడు!"

"వాడు చిన్నస్వామి అయ్యుంటాడు. వానికి వాని బన్నే లోకం," అని నవ్వబోయాడు మొహిద్దీన్ సాబ్. ఎవరూ నవ్వలేదు.

"మా ఆఫీసులో పైఆయన, జోసెఫ్ సార్ ఫోన్ చేసినాడు," అంది ఆయేషా. "నేనే చెప్పి రాయించుకున్నానని అనుకుంటాండారు. ఈ పక్క నుంచి వచ్చిన మాట ఒక్కటి కూడా లెక్కలోకి తీసుకోరంట. ఎల్లుండి మీటింగులో నా డిజైను పక్కన పెట్టేస్తారంట. ఆఫీసోళ్లంతా నన్ను దొంగను చూసినట్టు చూస్తాండారు నాయనా!"

మొహిద్దీన్ సాబ్‌కు తన తప్పేమిటో అర్థం కాలేదు. "మెచ్చుకునేది తప్పా తల్లీ? నా బిడ్డ పనిని నలుగురు మెచ్చుకోవాలని కోరుకునేది తప్పా?" అన్నాడు.

"నేనడిగింది మెచ్చుకోమని కాదు! ఎట్లా ఉండాదో చెప్పమని. నా పని మీద నీకే నమ్మకం లేదు నాయనా. నమ్మకం ఉంటే బన్ను ఇచ్చి మెప్పించాల్సిన పని ఏముండాది?"

ఆ మాట అని ఆయేషా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మొహిద్దీన్ సాబ్ అక్కడే గడప మీద కూలబడ్డాడు. పాతికేళ్లుగా ఎండలో వానలో లైను తిరిగిన మనిషి, ఎవరేమన్నా నవ్వి తీసిపారేసే మనిషి, కన్నకూతురి ఒక్క మాటకు కుదేలైపోయాడు.

షరీఫాబీ చేట పక్కన పెట్టింది. "ఏమయ్యా, మొన్న బేకరీలో జీలకర్ర రస్కు కొత్తగా చేసినారు గదా. అంగళ్లోళ్లు ఏమన్నారు?"

"బాగుండాది సాబ్, బాగుండాది సాబ్ అన్నారు."

"మరి ఏమైంది?"

"ప్యాకెట్లు ప్యాకెట్లే వాపసు వచ్చినాయి."

"అప్పుడు నువ్వు చిన్నస్వామికి ఏం చెప్పినావు? నేను ఈడే కూచోని విన్నాలే, ఫోన్లో గట్టిగా అరిచినావు. మొగమాటానికి చెప్పే మాట నమ్మొద్దప్పా, ఏంటికి తినలేదో అడుగు అన్నావా లేదా? బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివంతా యాడికి పోయె?"

మొహిద్దీన్ సాబ్ గడప మీంచి లేచి ఆటోలో మిగిలిన బన్నులు లెక్కపెట్టాడు.

మర్నాడు ఆయన సరుకు దించాడు కానీ ఎవరికీ ఊరికే బన్ను ఇవ్వలేదు. ఈశ్వరప్ప అంగడి ముందు బల్ల మీద కూర్చుని, "ఈశ్వరప్పా, మా పాప బ్రౌజర్లో ఏం బాగలేదో చెప్పు," అన్నాడు.

ఈశ్వరప్ప బిత్తరపోయాడు. "మన పాప చేసిందానికి వంకలు పెడతామా సాబ్! అంతా బాగుండాది."

"ఫోను చూపీ."

ఈశ్వరప్ప నసుగుతూ ఫోను తీశాడు. అందులో ఆయేషా బ్రౌజర్ లేదు. పాతదే ఉంది.

"తీసేసినావా?"

"కోపం చేసుకోవద్దు సాబ్. నేను ఎండలో నిలబడి టీ పోసేవాణ్ణి. అందులో ఎనక్కి పోయే బాణం గుర్తు ఉండాది చూడు, అది సన్నగా, బూడిద రంగులో ఉండాది. ఎండలో కానరాదు. ఒక పేజీలోకి పోతే బయటికి వచ్చే దోవ తెలీక ఫోనే ఆపుకోవాల్సి వచ్చె. ఆ రోజే తీసేసినా."

మొహిద్దీన్ సాబ్‌కు ఒళ్లు మండిపోయింది. నా బన్ను తిని నా బిడ్డకే వంక పెడతావా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని బలవంతంగా మింగి, ఫోన్లో రికార్డింగు నొక్కి ఈశ్వరప్ప నోటి ముందు పెట్టాడు. "ఇదే మాట మళ్లా చెప్పప్పా. మొగమాటం లేకుండా చెప్పు."

ఆ రోజు ఆయన వినని వంక లేదు. ఒకడు పేజీ తెరుచుకోగానే కీబోర్డు అడ్డం వస్తుందన్నాడు. ఇంకొకడు తెలుగు అక్షరాల గుడులు పై గీతకు తగిలి తెగిపోతున్నాయన్నాడు. ఒక్కో మాటా ముల్లులా గుచ్చుకుంటున్నా, "చెప్పప్పా, ఇంకా ఏముండాది?" అని అడుగుతూనే ఉన్నాడు. తిరుగు దారిలో పెనుకొండలో రేష్మ కుట్టుమిషను ముందు ఆగాడు.

"నాకేం వంకల్లేవు సాబ్. బాగుండాది అంటే తిడతావా?"

"ఊరికే బాగుండాదంటే కుదరదమ్మా. ఏం బాగుండాదో చెప్పల్ల."

రేష్మ మిషను ఆపి, రికార్డింగు నొక్కిన ఆయన ఫోను నోటి దగ్గరికి తీసుకుంది. "వచ్చినామెకు జాకెట్టు మోడళ్లు చూపిస్తా గదా. ముందు నాలుగైదు తెరిస్తే ఏది యాడ ఉండాదో తెలిసేది కాదు, ఎతకలేక సచ్చేదాన్ని. ఇందులో అయితే తెరిచినవన్నీ చిన్న చిన్న బొమ్మలుగా వరసగా కనపడతాయి, టేబులు మీద గుడ్డముక్కలు పరుచుకున్నట్టు. రంగు కండ్లకు గుచ్చుకోదు. పొద్దుమూకులు చూసినా తలనొప్పి రాలేదు. ఇది మీ పాప చేసిందని కాదు సాబ్. ఎవురు చేసినా సరే, నేను దీన్నే వాడతా."

ఎవరు చేసినా సరే! మొహిద్దీన్ సాబ్ ఆ మాట విని అటు తిరిగి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వారమంతా విన్న పొగడ్తల్లో ఒక్కటి కూడా ఆయనకు ఇంత తియ్యగా తగల్లేదు.

ఇంటికొచ్చి ఆయేషా ముందు ఫోను పెట్టాడు. "నన్ను తిట్టల్లంటే తర్వాత తిట్టు తల్లీ. ముందు ఇవి విను."

ఆయేషా ముఖం తిప్పుకునే వినడం మొదలుపెట్టింది. ఈశ్వరప్ప మాట వచ్చేసరికి నిటారుగా కూర్చుంది. "అయ్యో, నిజమే నాయనా! నేను ఇంట్లో ఫ్యాను కింద కూచోని చేసినా. ఎండలోకి తీసుకుపోయి చూడనేలేదు!" గుడులు తెగిపోతున్నాయన్న మాటకు నెత్తి కొట్టుకుంది. రేష్మ మాట పూర్తయ్యేసరికి చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

అప్పటికప్పుడు జోసెఫ్‌కు ఫోన్ చేసి, దాచకుండా జరిగిందంతా చెప్పింది. బన్నుల సంగతి కూడా చెప్పింది. రికార్డింగులు పంపింది. ఆయన విని తిరిగి ఫోన్ చేసేదాకా ఇంట్లో ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు.

"ఆ పొగడ్తలన్నీ తీసేశాం, అవి మళ్లీ రావు. కానీ ఇవి మాత్రం బంగారం," అన్నాడు జోసెఫ్. "రేపు మీటింగులో వీటినే వినిపిస్తాను. బాణం, అక్షరాలు, కీబోర్డు సరిచేయండి. మీకు తెలియని ఊళ్లలో మళ్లీ ట్రయల్ పెడదాం. డిజైన్ మీదే, పేరూ మీదే. మీ మీద అనుమానపడ్డందుకు ఏమీ అనుకోకండి. అన్నట్టు, ఇందులో మీ నాన్నగారి అభిప్రాయం లేదేం?"

ఫోను పెట్టేసి ఆయేషా తండ్రి వైపు చూసింది. "అవును నాయనా, నీది ఏది?"

మొహిద్దీన్ సాబ్ తల దించుకున్నాడు. "అందరికన్నా ముందు ఐదు నొక్కింది నేనే తల్లీ. కానీ... తెరిచి చూడలేదు."

"ఒక్కసారి కూడా?"

"నువ్వు చేసినావు గదా, ఇంగ చూసేదేముండాది అనుకున్నా."

ఆయేషా ఆయన చెయ్యి పట్టుకుని బయట అరుగు మీద కూర్చోబెట్టింది. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. ఆయన ఫోన్లోనే బ్రౌజర్ తెరిచి ఇచ్చింది. మొహిద్దీన్ సాబ్ కళ్లజోడు పెట్టుకుని, మొదటిసారి తన బిడ్డ పనిని చూశాడు.

తెర పై భాగమంతా ఒక రంగు పరుచుకుని ఉంది. పసుపు కాదు, గోధుమ కాదు. అంచుల్లో కాస్త ముదురు, మధ్యలో లేత. ఆయన తెర దగ్గరికి జరుపుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు.

"తల్లీ, ఇది... ఇది బన్ను రంగు గదా!"

"నువ్వు పొద్దున్నే వచ్చి ఆటో టార్పాలిన్ తీస్తావే, అప్పుడు ఎండ పడతాది చూడు బన్నుల మీద. ఆ రంగు. చిన్నప్పట్నుంచి రోజూ చూస్తాండాగా నాయనా. నువ్వు తెరిస్తే నువ్వే గుర్తుపడతావని ఎదురు చూసినా."

మొహిద్దీన్ సాబ్ ఊరంతా తిరిగి తన కూతురు గొప్పదని చాటాడు. ఆ కూతురు తన గురించి ఏం చెప్పిందో మాత్రం వారం రోజులుగా జేబులోనే పెట్టుకుని తిరిగాడు. కన్నీళ్లు కళ్లజోడు కిందనుంచి జారి మీసాల్లోకి దిగాయి. "తప్పైపోయింది తల్లీ," అన్నాడు. ఆయేషా ఆయన భుజం మీద తల ఆనించింది. గుమ్మంలో నిలబడిన షరీఫాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని, ధర్మవరంలో రేపు వాన పడుతుందో లేదో వెతికాడు. పేజీ వచ్చింది. చూశాడు. వెనక్కి రావడానికి వేలు తెర మీద అటూ ఇటూ తిప్పాడు. కళ్లు చికిలించాడు. ఫోను పక్కకు వంచి చూశాడు.

ఆయేషా లింకు పేజీ తెరిచి ఇచ్చింది; పాతవన్నీ తీసేశారు కదా, ఐదు నక్షత్రాలూ ఖాళీగా ఉన్నాయి. మొహిద్దీన్ సాబ్ కూతురి ముఖం వైపు ఒకసారి చూసి, వేలితో మెల్లగా ఒకటి, రెండు, మూడు, నాలుగు నొక్కి ఆగిపోయాడు.

"ఐదోది ఆ బాణం సరిచేసినాక," అన్నాడు.

ఆయేషా కళ్లనిండా నీళ్లతో పకపకా నవ్వి, తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.