స్క్రీన్ మీద గాజు

ప్రేమ్‌రాజ్ లాడ్ బజార్‌లో అబ్దుల్ వాహెద్ గాజుల దుకాణం మెట్లెక్కేసరికి, లోపల ఒక అమ్మాయి చేతి మీద సబ్బునీళ్లు పోస్తున్నారు. మణికట్టు దాకా రావలసిన లక్కగాజు బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుని, ముందుకూ పోవడం లేదు, వెనక్కీ రావడం లేదు.

"ఏడ్వకు బేటీ, వస్తది," అంటున్నాడు వాహెద్.

"నేను ఏడుస్తలేను చాచా. ఆ యాప్ చేసినాయన దొరికితే ఆయన్నే ఏడిపిస్త."

వాహెద్ మంచివాడే గానీ దాపరికం తెలియని మనిషి. "గీయనే," అని ప్రేమ్‌రాజ్ వైపు చెయ్యి చూపించాడు.

మెట్లు దిగిపోదామనుకున్నాడు ప్రేమ్‌రాజ్. కానీ ఆ అమ్మాయి కళ్లు ఎంత కోపంగా ఉన్నాయో అంత అందంగానూ ఉన్నాయి. చెప్పులు విడిచి లోపలికే వచ్చాడు.

మాదన్నపేటలో, ఇంటి మేడ మీది గదిలో కూర్చుని యాప్‌లు చేసిపెట్టడం అతని పని. దూరాన ఉన్నవాళ్లు కూడా గాజులు తెప్పించుకునేలా వాహెద్ కోసం ఒకటి చేశాడు. అందులో స్క్రీన్ మీద ఒక గుండ్రటి గీత కనిపిస్తుంది. మనం తొడుక్కునే గాజు తీసి దాని మీద పెట్టి, గాజు లోపలి అంచుకు సరిపడేదాకా గీతను వేలితో పెంచుకోవాలి, లేదా తగ్గించుకోవాలి. సరిపోగానే యాప్ సైజు చెప్తుంది. వాళ్లమ్మ మాణిక్యమ్మ గాజులన్నీ తన ఫోన్ మీద పెట్టి చూశానని, ఒక్కటీ తప్పలేదని అతను చెప్పుకున్నాడు.

"ఒక్క ఫోన్ల చూసి ఊరి మీద వదిలినవా?" అంది ఆమె.

గాజును చివరికి కోసి తియ్యవలసి వచ్చింది. ఆమె పేరు కీర్తిప్రియ. మాదాపూర్‌లో ఒక కంపెనీలో యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేస్తుంది. చెయ్యి తుడుచుకుని, తన ఫోనూ అతని ఫోనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే సైజు తెరిపించింది. అతని ఫోన్‌లో అది గాజులా ఉంది. ఆమె ఫోన్‌లో చాయ్ సాసర్‌లా ఉంది.

"పిక్సెళ్ల లెక్క పెట్టినవు గదా?"

అతను తలూపాడు.

పిక్సెల్ అంటే స్క్రీన్ మీది చుక్క అని, వాహెద్‌కు కూడా అర్థమయ్యేలా చెప్పింది ఆమె. ప్రేమ్‌రాజ్ కొత్త ఫోన్‌లో చుక్కలు చిన్నవి, ఒత్తుగా ఉంటాయి. కీర్తిప్రియ పాత ఫోన్‌లో పెద్దవి, ఎడంగా ఉంటాయి. రెండింట్లోనూ అన్నే చుక్కలతో గీసినా ఒకదాంట్లో చిన్న గుండ్రం, ఇంకోదాంట్లో పెద్ద గుండ్రం వస్తుంది. ఆమె ఫోన్‌లో గాజుకు సరిపోవడానికి తక్కువ చుక్కలే పట్టాయి గనుక యాప్ చిన్న సైజు చెప్పింది.

"చుక్కలు లెక్కపెట్టుడు కాదు, డీపీ లెక్కల పెట్టాలె. చుక్కలు ఎంత ఒత్తుగున్నయో చూస్కొని, ఎన్ని గావాల్నో ఫోనే లెక్కేస్కుంటది."

వాహెద్ శ్రద్ధగా విన్నాడు. ఆ సాయంత్రమే షేర్వానీలో దిగిన ఫోటోను వాట్సాప్ డీపీగా పెట్టి, ఇక గాజులు సరిపోతాయా అని ప్రేమ్‌రాజ్‌కు మెసేజ్ చేశాడు.

వెళ్తూ వెళ్తూ కీర్తిప్రియ, వచ్చే నెల పెళ్లి ఉందని, ఈసారి గాజులు తప్పితే ఊరుకోనని అంది. ప్రేమ్‌రాజ్‌కు పెళ్లి అన్న మాటొక్కటే వినబడింది. మనసు జారిపోకముందే కట్టేసుకోవడం మంచిదని, మర్నాటి నుంచి ఫోన్‌లోనూ ఎదురుగానూ ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు.

డీపీలోకి మార్చిన యాప్‌ను చూడటానికి ఆమె ఒకరోజు ఆఫీసు అయ్యాక దుకాణానికి వచ్చింది. వాహెద్ పక్క దుకాణాల వాళ్ల ఫోన్లన్నీ అడిగి తెచ్చి గాజుల పెట్టెల మధ్య పరిచాడు. చాలావాటిలో సైజు సరిపోయింది. కొన్నిట్లో మాత్రం ఇంకా కాస్త తేడా. ఫోన్లు తమ చుక్కల ఒత్తును ఉన్నదున్నట్టు చెప్పవని, రెడీమేడ్ చొక్కాల్లా దగ్గరి సైజులో ఇరికించి చెప్తాయని ఆమె వివరించింది. బటన్లకూ అక్షరాలకూ అది చాలు. గాజుకు చాలదు.

"అయితే అందరిండ్లల్ల ఒకే సైజుల ఉండేది ఒకటి గావాలె అక్కా," అన్నాడు ప్రేమ్‌రాజ్. "ముందుగాల దాన్ని స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌నే కొలుద్దాం."

వాహెద్ తన బొటనవేలు చూపించాడు. ప్రేమ్‌రాజ్ జేబులు వెతికి డ్రైవింగ్ లైసెన్స్ తీశాడు. ఏటీఎం కార్డైనా, లైసెన్స్ కార్డైనా ఒకటే కొలత. కీర్తిప్రియ దాన్ని ఫోన్ మీద పెట్టబోయి, అందులో ఫోటో చూసి ఆగిపోయింది. పోలీసులు వెతుకుతున్నవాడి ఫోటోలా ఉంది అని మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. ఎవరైనా తనను చూసి నవ్వితే ఇంత హాయిగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆ వెంటనే పెళ్లి గుర్తొచ్చి మొహం ముడుచుకున్నాడు.

యాప్‌లో కార్డు కొలత కలిపి తెచ్చిన సాయంత్రం అన్ని ఫోన్లూ ఒకే మాట చెప్పాయి. గాజులు ఆమె చేతికి సబ్బు లేకుండా ఎక్కి గలగలమన్నాయి. బయట వాన మొదలైంది. అరుగు మీది సరుకు లోపల పెట్టడానికి వాహెద్ లేచి వెళ్లాడు.

"పెండ్లికొడుకు అదృష్టవంతుడు అక్కా," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"మా బావనా? నీకెట్ల తెలుసు?"

"మీ బావనే చేస్కుంటున్నవా?"

కీర్తిప్రియ అతన్ని ఎగాదిగా చూసింది. "పెండ్లి మా అక్కది. స్రవ్యక్కది. మా ఇద్దరి చెయ్యి ఒకటే సైజు, అందుకే నేను తొడిగి చూస్తున్న." అంతలో ఆమెకు విషయం వెలిగింది. "అందుకేనా నన్ను అక్కా అంటున్నవు? గంత ముసలిగ కనబడ్తున్ననా అని రోజు అద్దంల చూస్కుంటున్న."

రోజూ ఎందుకు చూసుకుంటోందో అతనికి మెల్లగా తట్టింది. వాన చప్పుడులో వినబడకపోతే రెండోసారి చెప్పే ధైర్యం ఉండదని కొంచెం గట్టిగానే చెప్పాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం." ఎదురు దుకాణంలో బేరమాడుతున్న ఆవిడ తిరిగి చూసింది.

"గామెకే వినబడ్డది, నాకు వినబడదా," అంది కీర్తిప్రియ, చేతి గాజులు సర్దుకుంటూ. "అక్క పెండ్లికి రా. మా బాపును అడుగు."

చర్చిలో పెళ్లయ్యాక, భోజనాల దగ్గర, వాహెద్ అతన్ని వీపు మీద చెయ్యేసి కీర్తిప్రియ తండ్రి కృపాకర్ ముందుకు తోశాడు. ప్రేమ్‌రాజ్ తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తర్వాత ఏం చెప్పాలో తెలియక చుక్కల సంగతి మొదలుపెట్టాడు. కృపాకర్ ఓపికగా కొంతసేపు విన్నాడు.

"అది గాదు బిడ్డా. ఏమడగనీకి వచ్చినవో అదడుగు."

అడిగాడు. మాట తడబడింది గానీ అడిగాడు.

కృపాకర్ కూతురి కోసం చూశాడు. కీర్తిప్రియ పంక్తి చివర అన్నం గిన్నెతో నిలబడి, చూపంతా ఇటే పెట్టి, ఒక పెద్దాయన విస్తట్లో వడ్డిస్తూనే ఉంది. ఆయన చాలమ్మా చాలు అంటూనే ఉన్నాడు.

"ఆదివారం మీ అమ్మను తీస్కొని ఇంటికి రా," అన్నాడు కృపాకర్. "ఇప్పుడైతే జల్ది పోయి ఆ గిన్నె అందుకో. లేకుంటే మా పెదనాన్న అన్నంల మునిగిపోతడు."